ఉగ్గానికి ఎక్కిళ్ళు

"హిక్."

రాత్రి 10:40. ఏడో తరగతి సైన్సు పేపర్లు దిద్దుతా కూచున్నాను. మంచం కింద నుంచి ఆ చప్పుడు. తలుపు గాలికి కదిలిందేమో అనుకుని ఇంకో పేపరు తీసినాను. మళ్ళా "హిక్". ఈసారి వంగి చూసినాను. మా కుక్కపిల్ల ఉగ్గాని పడుకోనుంది. కళ్ళు సగం మూసి, ముందరి కాళ్ళ మీద మూతి ఆనించి, దాని పాటికి అది బాగానే ఉంది. ఉన్నట్టుండి డొక్క లోపలికి గుంజుకుంది, తల ఇంత పైకి ఎగిరింది, "హిక్". దానికే ఆశ్చర్యమైనట్టు ఒక చెవి పైకి లేపి, నన్ను చూసింది.

ఎర్ర పెన్ను పక్కన పెట్టి గోడ గడియారం చూసి లెక్కపెట్టినాను. నిమిషానికి 19.

సైన్సు టీచరు లెక్కపెట్టడం కాక ఏం చేస్తాది అంటాడు మా ఆయన. నిజం చెప్పాలంటే లెక్కపెట్టినంత సేపూ నా చేతులు వణుకుతా ఉన్నాయి. ఎందుకో తర్వాత చెప్తాను.

ముందు ఉగ్గాని సంగతి. ధర్మవరంలో మా వీధి చివర పొద్దున పూట ఒక బండి ఉంటుంది, ఉగ్గాని, బజ్జి అమ్ముతారు. రాయలసీమ కాని వాళ్ళ కోసం చెప్తున్నా: బొరుగులు నీళ్ళలో నానబెట్టి పిండి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, పసుపు, పుట్నాలపొడి వేసి తాలింపు పెడితే ఉగ్గాని. పక్కన మిరపకాయ బజ్జి లేకుంటే అది సగం ఉగ్గానే. ఆ బండి చక్రం కింద, జనం పారేసిన కాగితం పొట్లాలు నాకుతా ఉండేది ఈ పిల్ల. ఒంటి రంగు పసుపు, అక్కడక్కడా ఆవాలు చిటపటలాడినట్టు నల్ల చుక్కలు. మా పాప ఇంటికెత్తుకొచ్చి, "అమ్మా, దీని పేరు ఉగ్గాని" అనింది. మా అత్త "తినే వస్తువు పేరు కుక్కకు పెడతారా" అని రెండు రోజులు అలిగి, మూడో రోజు నుంచి ఆమె కూడా "ఉగ్గానీ, రామ్మే" అని పిలవడం మొదలుపెట్టింది. అప్పటికి దానికి తొమ్మిది వారాలు ఉంటాయని పశువుల డాక్టరమ్మ పళ్ళు చూసి చెప్పింది. బరువు 3 కిలోల 200 గ్రాములు.

ఇంకోటి కూడా చెప్పింది. అది తింటా ఉన్న ఆ ఉగ్గాని దానికి విషంతో సమానమని. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్కల నెత్తుట్లో ఎర్రకణాలను పగలగొడతాయి. పచ్చివైనా, వండినవైనా ఒకటే. పేరే తప్ప ఆ తిండి దానికి మళ్ళా పెట్టలేదు.

సరే, ఆ రాత్రికి వద్దాం.

చప్పుడుకు ముందు లేచింది మా అత్త. ఆమెకు 74. మగ్గం గదిలో పడుకుంటుంది, నిద్రలో కూడా ఇంట్లో ఏ గిన్నె కదిలినా తెలుస్తుంది ఆమెకు. వచ్చి చూసి, "ఎక్కిళ్ళేలే. పేగు పెరుగుతాండాది. పసిబిడ్డకు రావా?" అని, పైట కొంగు చివర నుంచి ఒక పోగు లాగి, నాలుక మీద తడిపి, ఉగ్గాని నుదుట అంటించింది. మా పాప పుట్టినప్పుడు కూడా ఇట్లే అంటించింది. బిడ్డ నుదుట నిలిచిన పోగు కుక్కపిల్ల వెంట్రుకల మీద నిలుస్తుందా? జారి ముక్కు మీద పడింది. ఉగ్గాని దాన్ని నాకేసింది. "హిక్."

మా ఆయన లేచినాడు. ఆయనది చిన్నప్పటి వైద్యం. ఎక్కిళ్ళొచ్చిన పిల్లోణ్ణి దొంగతనం అంటగట్టి బెదిరిస్తే ఆగిపోతాయని. నడుముకు రెండు చేతులు పెట్టుకుని, "నా చెప్పు ఎత్తకపోయింది నువ్వే కదమే?" అని గద్దించినాడు. అది నిజమే కాబట్టి ఉగ్గాని తోక ముడుచుకుని గోడకు నక్కింది. ఎక్కిళ్ళు ఆగలేదు. భయానికి ఇంకా ఎక్కువైనట్టు కనపడినాయి. పాప ఏడుపు మొదలుపెట్టింది, "నాన్న దాన్ని తిట్టినాడు" అని.

ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలి. ఇరవై ఏళ్ళుగా శ్వాసక్రియ పాఠం చెప్తా ఉన్న మనిషిని నేను. అటక మీద నుంచి పాప ఉగ్గుగిన్నె దింపినాను. నీళ్ళు పోసి, కుక్కపిల్ల దవడ పట్టి, మూతి పైకెత్తి, నోట్లో పోసినాను. సరిగ్గా నీళ్ళు గొంతులో ఉన్నప్పుడే ఎక్కిలి వచ్చింది. ఎక్కిలి అంటే గాలి లోపలికి గుంజడం. గాలితో పాటు నీళ్ళు కూడా పోయినాయి. పొలమారింది. దగ్గింది. ముక్కులో నుంచి నీళ్ళు కారినాయి. మెడ చాపి, కాళ్ళు వెడల్పు చేసి అర నిమిషం దగ్గుతూనే ఉంది. ఆ అర నిమిషంలో నా ప్రాణం పోయి వచ్చింది.

మా అత్త గిన్నె నా చేతిలో నుంచి లాక్కుని ఒకటే మాట అనింది. "బడిలో ఇదేనా చెప్పేది?"

దగ్గు తగ్గినాక అది పడుకుంది. ఇంకో రెండు నిమిషాలకు ఎక్కిళ్ళు వాటి పాటికి అవే ఆగిపోయినాయి. మొదటి నుంచి చివరిదాకా 11 నిమిషాలు. ఏమీ చెయ్యకపోయినా అంతే పట్టేదని ఇప్పుడు తెలుసు.

నా చేతులు ఎందుకు వణికినాయో చెప్తానన్నా కదా.

1991. నాకు పదకొండేళ్ళు. మా పుట్టింట్లో టామీ అని ఒక నల్ల కుక్క ఉండేది, ఆరు నెలల పిల్ల. ఎండాకాలం సెలవల్లో దానికి జ్వరం వచ్చింది. కళ్ళల్లో పుసి, ముక్కులో చీమిడి, దగ్గు. మా నాయన ఊళ్ళో సూదులేసే ఒకాయన్ను పిలిపించినాడు. ఆయన ఏదో సూది వేసి, జలుబే అన్నాడు. వారం తర్వాత నిజంగానే తేరుకుంది, సంగటి తినింది, మేము సంబరపడినాం. తర్వాత కొన్ని రోజులకు దాని దవడ కొట్టుకోవడం మొదలైంది. టక్, టక్, టక్, గడియారం ముల్లు మాదిరి. దవడతో పాటు ఎడమ ముందరి కాలు కూడా అదే తాళంలో ఎగిరేది.

"ఎక్కిళ్ళు" అన్నారు అందరూ. మా నాయన చక్కెర పెట్టినాడు. మా అవ్వ నుదుట పోగు పెట్టింది. నేను నీళ్ళు పట్టినాను, ఇదే ఉగ్గుగిన్నె లాంటిదాంతో. నిద్రపోయినా ఆ కొట్టుకోవడం ఆగేది కాదు. రాత్రి దాని పక్కన పడుకుంటే నా చేతికి తెలిసేది. తర్వాత ఫిట్స్. తర్వాత లేదు.

కాలేజీలో జంతుశాస్త్రం చదివేటప్పుడు ఒక పుస్తకంలో డిస్టెంపర్ అనే మాట, దాని కింద లక్షణాలు చదివి, లైబ్రరీలో అట్లే కూచుండిపోయినాను. ఒక్కొక్క వాక్యమూ టామీదే. ఆ వైరస్ ముందు ఊపిరితిత్తుల్ని, కడుపును పట్టుకుంటుంది. తగ్గినట్టే తగ్గి కొన్ని వారాలకు నాడుల మీదికి పోతుంది. అప్పుడు ఒక కండరమో, కొన్ని కండరాలో ఒకే తాళంలో అదురుతాయి. దవడ కావచ్చు, కణత కావచ్చు, కాలు కావచ్చు. చాలా కుక్కల్లో నిద్రలో కూడా ఆగదు. అది ఎక్కిళ్ళు కాదు. మేము చక్కెర పెట్టింది మెదడు జబ్బుకు.

అందుకే ఆ రాత్రి మంచం కింద ఒక చిన్న ఒళ్ళు తాళం ప్రకారం ఎగరడం చూస్తే నాకు మొదట గుర్తొచ్చింది ఎక్కిళ్ళు పుట్టించే ఉదరవితానం (ఊపిరితిత్తుల కింద ఉండే పొర లాంటి కండరం) కాదు, టామీ.

పొద్దున బడికి అరపూట సెలవు పెట్టి పశువుల ఆసుపత్రికి పోయినాను. అక్కడ నా ముందర రెండు గేదెలు, ఒక పొట్టేలు, ఒక బుట్టలో కోళ్ళు. నా వంతు వచ్చేసరికి ఉగ్గానికి ఒక్క ఎక్కిలీ లేదు, పొట్టేలును చూసి మొరగడంలో పడింది. పనికొచ్చింది ఏందంటే, పాప రాత్రి ఫోన్‌లో తీసిన వీడియో. మీ కుక్కకు ఏదైనా వింతగా కనపడితే ముందు ఫోన్ తీయండి. డాక్టరు దగ్గరికి పోయేసరికి ఎక్కిళ్ళైనా, దగ్గైనా, కుంటడమైనా మాయమవుతాయి.

డాక్టరమ్మ వీడియో రెండుసార్లు చూసింది. చప్పుడు పెంచి ఇంకోసారి విన్నది.

"టీచరమ్మా, ఇది ఎక్కిళ్ళే. డొక్క చూడండి, ఎక్కడ ఎగురుతా ఉంది? పక్కటెముకల కింద. చప్పుడు గొంతులో నుంచి వస్తా ఉంది. దవడ, కాళ్ళు, కణత ఏవీ కదలడం లేదు. జ్వరం లేదు, కళ్ళు శుభ్రంగా ఉన్నాయి. ఎన్ని నిమిషాలు?"

"పదకొండు."

"తిన్నాక ఎంతసేపటికి?"

అదొకటి నేను లెక్కపెట్టలేదు. రాత్రి తొమ్మిదిన్నరకు సంగటి ముద్ద, కోడి ఉడకబెట్టిన నీళ్ళు పెట్టినాం. ముద్ద పెట్టి చెయ్యి తీసేలోపల గిన్నె ఖాళీ. బండి కింద ఇంకో నాలుగు కుక్కలతో కొట్లాడి తిన్న అలవాటు, ఎవరో లాక్కుంటారని దాని భయం. తిన్న వెంటనే పాపతో అరగంట ఉరుకులాట. ఆ తర్వాత గిన్నెడు నీళ్ళు.

"ఇంకేం కావాల?" అని నవ్వింది ఆమె. నీళ్ళు తాగించిన కథ చెప్తే మాత్రం నవ్వలేదు. స్టెతస్కోపు పెట్టి ఊపిరితిత్తులు రెండు పక్కలా విని, బాగానే ఉందని, మూడు రోజులు దగ్గు గానీ జ్వరం గానీ వస్తుందేమో చూడమని చెప్పింది. నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా రావచ్చు. బలవంతంగా నోట్లో ఏదీ పోయకూడదు, ఎక్కిళ్ళప్పుడు అసలే పోయకూడదు. గిన్నె ముందర పెడితే, కావాలంటే అదే తాగుతుంది.

అదే రోజు నులిపురుగుల మందు ఇచ్చింది, మొదటి టీకా వేసింది. డిస్టెంపరు, పార్వో కలిపిన టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకసారి, 16 వారాలు నిండేదాకా వెయ్యాల. రేబీస్‌ది మూడు నెలలప్పుడు వేరే. టీకా కార్డు చేతిలో పెడితే దాన్ని చూస్తా కొంచెంసేపు నిలబడినాను. టామీకి ఇట్లాంటి కార్డు ఒకటి ఉండొచ్చని ఆ రోజు మా ఊళ్ళో ఎవరికీ తెలీదు.

మధ్యాహ్నం బడికి పోయినాను. ఆ వారమే శ్వాసక్రియ పాఠం. ప్రతి ఏడూ చేయించే బొమ్మ ఉంది. లీటరు నీళ్ళ సీసా అడుగు కోసేసి, మూతి లోపలికి ఒక బెలూన్ వేలాడదీసి, అడుగున ఇంకో బెలూన్‌ను కోసి బిగించి రబ్బరు బ్యాండు వేయడం. లోపలి బెలూన్ ఊపిరితిత్తి, అడుగున సాగిన రబ్బరు ఉదరవితానం. రబ్బరును కిందికి లాగితే బెలూన్ ఉబ్బుతుంది, వదిలితే ముడుచుకుంటుంది. అందరికీ తెలిసిందే.

ఈసారి ఒకటి కలిపినాను. "రబ్బరును మెల్లగా కాదురా, ఒక్క ఉదుటున లాగు. లాగిన క్షణంలోనే బొటనవేలితో సీసా మూతి మూసెయ్" అన్నాను. మగ్గం ఇంటి పిల్లోడు ఒకడు, చేతివాటం బాగుంది వానికి, మూడో ప్రయత్నంలో కుదిరింది. బెలూన్ ఉబ్బబోయి టక్కున ఆగిపోయింది, వాని వేలి కింద "టప్" మనింది. అదే ఎక్కిలి. ఉదరవితానం మనం చెప్పకుండానే గబుక్కున ముడుచుకుంటుంది, గాలి లోపలికి దూసుకొస్తుంది, వెంటనే గొంతులో గాలి పోయే సందు, కంఠబిలం, మూసుకుంటుంది. ఆ మూత పడిన చప్పుడే "హిక్". మనుషుల్లో ఈ రెంటి మధ్య దూరం సుమారు 35 మిల్లీసెకన్లు. కుక్కల్లోనూ పని జరిగే తీరు ఇదే.

ఉదరవితానానికి ఆజ్ఞలిచ్చే నాడి మెడ దగ్గర వెన్నుపాములో బయలుదేరి, గుండె పక్క నుంచి కిందికి దిగుతుంది. ఫ్రెనిక్ నాడి అంటారు. కడుపు నుంచి మెదడుకు వార్త మోసేది ఇంకోటి, వేగస్. ఉన్నట్టుండి కడుపు నిండి ఉబ్బితేనో, తిండితో పాటు గాలి మింగితేనో, కారం తగిలితేనో, ఉత్సాహం ఎక్కువైతేనో ఈ నాడులు చిరాకు పడతాయి.

"మేడం, దానివల్ల లాభమేంది?" అని అడిగింది ముందు బెంచీ పిల్ల. మంచి ప్రశ్న, నాకు నచ్చే రకం. ఇదీ అని తేలిన జవాబు లేదు. ఒక ఊహ ఏందంటే, పాలు తాగే పిల్లలు గాలి కూడా మింగుతాయి, ఎక్కిలి ఆ గాలిని పైకి తెప్పించి కడుపులో పాలకు చోటు చేస్తుందని. చిన్నపిల్లలకే, కుక్కపిల్లలకే ఎక్కువ రావడానికి అది సరిపోతుంది. ఇంకో పక్క, 2019లో లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ వాళ్ళు 13 మంది పసికందుల తలలకు తీగలు అతికించి చూస్తే, ఒక్కొక్క ఎక్కిలికి మెదడులో అలలు లేచినాయి. ఊపిరి కండరాలను ఎట్లా నడిపించాలో బిడ్డ మెదడు ఇట్లా నేర్చుకుంటా ఉందేమో అన్నారు వాళ్ళు. మనిషి బిడ్డకు తల్లి కడుపులో తొమ్మిది వారాలప్పుడే ఎక్కిళ్ళు మొదలవుతాయి. మా అత్త "పేగు పెరుగుతాండాది" అన్న మాట ఇంటికొచ్చి ఆమెకు గుర్తుచేసి, "పేగు కాదత్తా, మెదడు అంటున్నారు" అన్నాను. "ఏదో ఒకటి పెరుగుతాండాది కదా" అని పక్కకు తిరిగి పడుకుంది.

పిల్లలకు బాగా నచ్చింది మాత్రం చార్లెస్ ఆస్బోర్న్ కథ. అమెరికాలో అయోవా రాష్ట్రం రైతు. 1922లో పందిని తూకం వేస్తా ఉంటే ఎక్కిళ్ళు మొదలై, 1990లో ఆగినాయి. 68 ఏళ్ళు. ఆ మధ్యలోనే పెళ్ళి చేసుకున్నాడు, పిల్లల్ని కన్నాడు. ఆగిన మరుసటి ఏడే పోయినాడు. గిన్నిస్ పుస్తకంలో ఉన్నాడు. "పందికి రాలేదా మేడం ఎక్కిళ్ళు?" అని వెనక నుంచి ఎవడో. బెల్లు కొట్టినారు.

ఇప్పుడు పెనం సంగతి.

మెల్లగా తినడానికి లోపల మిట్టలు, గుంతలు ఉండే ప్లాస్టిక్ గిన్నెలు దొరుకుతాయి. డాక్టరమ్మ ఫోన్‌లో చూపించింది. వారం పోయినాక వెల చూసి, మా ఆయన "ఈ దుడ్లతో నేను భోంచేస్తా" అన్నాడు. అప్పుడు మా అత్త వంటింట్లో పోయి, పొయ్యి వెనక నుంచి పాత గుంతపొంగణాల పెనం తెచ్చింది. ఇనుపది, ఏడు గుంతలు, ఒక చెవి విరిగింది. సంగటిని ఏడు ఉండలు చేసి ఒక్కొక్క గుంతలో అదిమింది, మీద కొంచెం మజ్జిగ చిలకరించింది. ఉగ్గాని మొదట పెనం చుట్టూ రెండుసార్లు తిరిగింది. మూతి గుంతలో దూరదు, నాలుకతోనే తవ్వాలి. ఒక గుంత అయినాక తల ఎత్తి, మింగి, రెండో దానికి పోవాలి. పెనం బరువు కాబట్టి జరగదు. అంతకు ముందు 40 సెకన్లలో అయిపోయే తిండి ఆ రోజు నాలుగున్నర నిమిషాలు పట్టింది. అయిపోయినాక ఖాళీ గుంతల్ని కూడా వరసగా నాకింది, ఏదన్నా మిగిలి ఉంటుందని ఇంకోసారి మొదటి దానికి వచ్చింది.

రెండు పూటల తిండిని నాలుగు పూటలు చేసినాం. డాక్టరమ్మ చెప్పినట్టు సంగటి తగ్గించి గుడ్డు, ఎముకలు తీసిన ఉడకబెట్టిన కోడి ఎక్కువ చేసినాం. తిన్నాక అరగంట ఉరుకులాట బంద్. పాపకు ఇది దానికంటే కష్టమైంది. ఆడి వచ్చినాక గిన్నె నిండా నీళ్ళు కాకుండా కొంచెం పోయడం, అది రొప్పు తగ్గినాక ఇంకొంచెం.

ఒక పాత నోటుబుక్కులో రాసిపెట్టినాను. పెనం రాకముందు వారంలో ఎక్కిళ్ళు తొమ్మిదిసార్లు. పెనం వచ్చిన మొదటి వారం నాలుగు, తర్వాతి వారం మూడు. పిల్ల పెరుగుతా ఉంది కాబట్టి కొంత తగ్గడం దానివల్ల కూడా అయ్యుంటుంది, అంతా పెనం మహిమే అంటే నా చదువుకు సిగ్గు. వచ్చినప్పుడు ఆపడానికి చేసినవి కూడా రాసినాను. డొక్క మీద మెల్లగా నిమిరినప్పుడు: 8 నిమిషాలు, 12, 6. ఏమీ చెయ్యకుండా వదిలేసినప్పుడు: 7, 10, 9. తేడా మీరే చూడండి. నిమిరితే తప్పు లేదు, దానికి ఇష్టమే, కాళ్ళు పైకెత్తి పడుకుంటుంది. ఆగేది మాత్రం ఎక్కిలి తనంతట తానే. మా ఇంట్లో చేసిన వైద్యాలన్నీ మా గాబరాకు వేసుకున్న మందులే.

మందుల షాపులో ఒకాయన గ్రైప్ వాటర్ ఇవ్వమన్నాడు, "పసిపిల్లలకు ఇచ్చేదే కదా" అని. పసిపిల్ల వేరు, కుక్కపిల్ల వేరు. తీపికి జైలిటాల్ వేసిన వస్తువు కుక్క కడుపులోకి పోతే ఒంట్లో చక్కెర గబగబా పడిపోతుంది, కాలేయం కూడా దెబ్బతినొచ్చు. షుగర్‌లెస్ చూయింగ్ గమ్‌లలో, కొన్ని టూత్‌పేస్టుల్లో, కొన్ని రకాల వేరుశెనగ వెన్నలో ఉంటుంది అది. సీసా వెనక చీటీ చదవకుండా ఏదీ పెట్టొద్దు. ఎక్కిళ్ళు ఆపడానికి అయితే అసలు ఏదీ పెట్టాల్సిన పని లేదు.

ఎక్కిళ్ళ మాదిరి కనపడి కాకుండా పోయేవి ఇంకొన్ని ఉన్నాయి. ఒకటి మా ఇంట్లోనే చూసినాం. ఒక పొద్దున ఎండుమిరపకాయ తాలింపు మాడింది. ఉగ్గాని మెడ చాపి, మోచేతులు వెడల్పు చేసి, ముక్కుతో గాలిని గుర్రు గుర్రుమని లోపలికి పీల్చడం మొదలుపెట్టింది, పంది గురక మాదిరి. పాప "మళ్ళా ఎక్కిళ్ళు" అని అరిచింది. కాదు, అది తిరగబడిన తుమ్ము. మామూలు తుమ్ము బయటికి, ఇది లోపలికి. అర నిమిషంలో ఆగిపోయింది. ఘాటుకు, దుమ్ముకు, అగరబత్తి పొగకు వస్తుంది. ఎప్పుడో ఒకసారి అయితే భయం లేదు.

భయపడాల్సినవి వేరే. కుక్క కక్కబోతా ఉంటుంది, ఏమీ రాదు, కడుపు తప్పెట మాదిరి బిగుసుకుంటుంది, ఒక చోట నిలవదు. జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్, గ్రేట్ డేన్ లాంటి పెద్ద ఛాతీ కుక్కల్లో ఎక్కువ. కడుపు మెలి తిరిగిపోవడం అది. తెల్లారనీ అనుకుంటే తెల్లారదు, ఆ నిమిషమే ఆసుపత్రికి. ఈని పిల్లలకు పాలిచ్చే తల్లి కుక్క వణుకుతా, బిర్రబిగుసుకుపోతా, రొప్పుతా ఉంటే ఒంట్లో కాల్షియం పడిపోయిందని అర్థం. అప్పుడు ఒక్కోసారి డొక్క కూడా ఎగురుతుంది, గుండె కొట్టుకున్నప్పుడల్లా. ఫ్రెనిక్ నాడి గుండె పక్క నుంచే పోతుందన్నా కదా, కాల్షియం తక్కువైనప్పుడు గుండెలో పుట్టిన మెరుపే ఆ నాడిని కూడా తాకుతుంది. దాన్ని ఎక్కిళ్ళని వదిలేస్తే తల్లి దక్కదు.

మామూలు ఎక్కిళ్ళే అయినా గంట దాటి ఆగకపోతే, రోజూ చాలాసార్లు వస్తా ఉంటే, పెద్ద కుక్కకు కొత్తగా మొదలైతే, వాటితో పాటు దగ్గు, వాంతి, తిండి మానడం, ఊపిరి ఆడకపోవడం ఉంటే చూపించండి. టీకాలు పడని పిల్లకు జ్వరం, కళ్ళ పుసి వచ్చి తగ్గినాక ఏదన్నా ఒక కండరం తాళం వేస్తా ఉంటే, దాన్ని ఎవరు ఎక్కిళ్ళన్నా నమ్మొద్దు. ఈ ఒక్క వాక్యం రాయడానికే ఇదంతా రాసినట్టుంది.

ఇప్పుడు ఉగ్గానికి ఏడు నెలలు. టీకాలన్నీ అయినాయి. 14 కిలోలు. మా ఆయన చెప్పులు ఇంకా ఎత్తకపోతుంది. మధ్యాహ్నం పూట మగ్గం గుంత పక్కన, మా ఆయన కాళ్ళ దగ్గర పడుకుంటుంది, నాడె చప్పుడుకు చెవి కూడా కదపదు. ఎక్కిళ్ళు నెలకొకసారి వస్తే వస్తాయి. నోటుబుక్కులో చివరి పేజీలు పాప లాక్కుని కుక్క బొమ్మలు వేసుకుంది.

పోయిన ఆదివారం బండి దగ్గర నుంచి ఉగ్గాని, బజ్జి తెప్పించుకున్నాం. బజ్జిలో మిరపకాయ ఆ రోజు నిజమైన మిరపకాయ. రెండోది కొరికినానో లేదో, నాకు ఎక్కిలి పట్టుకుంది. పెద్దగా, ఇల్లంతా వినపడేటట్టు. గుంత దగ్గర పడుకున్న ఉగ్గాని లేచి వచ్చింది. నా ముందర కూచుని, ఒక చెవి పైకి లేపి, ప్రతి "హిక్"కూ తల ఒక పక్కకు వాల్చి చూస్తా ఉంది.

మా అత్త చెంబుతో నీళ్ళు తెచ్చి ముందర పెట్టింది.

"నువ్వైతే తాగొచ్చులే" అనింది.